ఐ యాడుంటుంది? సంకీర్ణ సంఖ్యల లెక్కలు మొదటి నుంచి

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తూ చాలా ఏళ్లయింది. ఏ బ్యాచ్ అయినా సరే, సంకీర్ణ సంఖ్యల చాప్టర్ మొదలుపెట్టిన రోజు క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. బోర్డు మీద ఐ² = −1 అని రాస్తాను, అందరూ నోట్సులోకి ఎక్కించుకుంటారు, ఎవరూ ఏమీ అడగరు. ఒకసారి మాత్రం పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే అబ్బాయి ఒకడు చెయ్యెత్తి, "అది యాడుంటుంది సార్?" అన్నాడు. 1, 2, 3 స్కేలు మీద ఉన్నాయి, −3 సున్నాకు ఎడమ పక్క ఉంది, అర, ముప్పావు మధ్యలో ఉన్నాయి, మరి ఐ యాడుంది అని వాడి ప్రశ్న. ఈ చాప్టర్ మొత్తానికి అదే అసలైన ప్రశ్న అని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. జవాబు కళ్లకు కనబడితే కూడికలు, గుణకారాలు, భాగహారాలు అన్నీ వాటంతట అవే దారికొస్తాయి. కనబడకపోతే సూత్రాలు బట్టీ పట్టి, పరీక్ష హాల్లో ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ అని టెన్షన్ పడాల్సి వస్తుంది.

అందుకే ఇక్కడ ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఒక గ్రాఫ్ పేపరు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, చదువుతూ మీరు కూడా గీయండి. పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరంతో ఉండేదాన్ని నేను ఐ అనే రాస్తాను, తెలియని సంఖ్యను ఎక్స్, వై అంటాను.

ఇలాంటి సంఖ్య ఎందుకు కావాల్సొచ్చింది

ఏ సంఖ్యనైనా దానితోనే గుణించండి. 3 × 3 = 9, (−3) × (−3) కూడా 9. ప్లస్సయినా మైనస్సయినా వర్గం చేస్తే ప్లస్సే వస్తుంది, కాబట్టి −9 కి వర్గమూలం మనకు తెలిసిన సంఖ్యల్లో దొరకదు. ఈ మాట మన దేశంలో 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు స్పష్టంగా రాశాడు: ఋణ సంఖ్య స్వభావరీత్యా ఏ సంఖ్యకూ వర్గం కాదు, అందుకని దానికి వర్గమూలం లేదు అని. ఆయన రాసిన గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఈ చిక్కు మనకు కొత్తదేమీ కాదు.

చాలామంది టీచర్లు "ఎక్స్² + 1 = 0 కి జవాబు లేదు కాబట్టి ఐ ని కనిపెట్టారు" అని చెప్పి వదిలేస్తారు. అలా చెప్తే తెలివైన పిల్లలకు అనుమానం వస్తుంది, జవాబు లేకపోతే లేదనుకోవచ్చు కదా, కొత్త సంఖ్య పుట్టించడం దేనికి అని. నిజంగా జరిగింది వేరు, అది తెలుసుకోవాలి.

ఇటలీలో కార్డానో 1545లో అచ్చు వేసిన పుస్తకంలో ఒక లెక్క ఉంది: 10 ని రెండు ముక్కలు చెయ్యి, ఆ రెండింటి లబ్ధం 40 రావాలి. 5 × 5 వేసినా 25 దాటదు. కార్డానో 5 + √−15, 5 − √−15 అని రాసి, కలిపితే 10, గుణిస్తే 25 + 15 = 40 వస్తుందని చూపించి, ఇది సూక్ష్మమైనదే గాని పనికిరాదని పక్కన పెట్టాడు. పనికొచ్చే చోటు బొంబెల్లికి దొరికింది. ఆయన పుస్తకం 1572లో వచ్చింది. అందులోని సమీకరణం ఇది:

ఎక్స్³ = 15ఎక్స్ + 4

ఎక్స్ = 4 పెట్టి చూడండి: 64 = 60 + 4, సరిపోయింది. అంటే దీనికి మామూలు జవాబే ఉంది. కానీ ఘన సమీకరణాల సూత్రంలో వేస్తే, 2 + √−121 కు ఘనమూలం, 2 − √−121 కు ఘనమూలం, ఈ రెండూ కలిపితే ఎక్స్ అని వస్తుంది. జవాబు 4 అని కళ్లెదుట కనబడుతోంది, దాన్ని చేరే దారి మాత్రం −121 వర్గమూలం మీదుగా పోతోంది. బొంబెల్లి ఆ దారిని వదల్లేదు. √−121 అంటే 11ఐ అనుకుని, (2 + ఐ) ని ఘనం చేస్తే సరిగ్గా 2 + 11ఐ వస్తుందని చూశాడు. రెండోది 2 − ఐ. రెండూ కలిపితే ఐ లు కొట్టేసుకుపోయి 4 మిగిలింది. ఇక "లేదు" అనడం కుదరలేదు. (2 + ఐ) ఘనం కాసేపటికి మీరే చేస్తారు.

జవాబు: సంఖ్యారేఖ మీద లేదు, దాని పైన ఉంది

సంఖ్యారేఖ గీయండి. 5 ని −1 తో గుణిస్తే −5. రేఖ మీద చూస్తే ఏం జరిగింది? సున్నా దగ్గర నిలబడి 5 వైపు చూస్తున్న మనిషి వెనక్కి తిరిగాడు. −1 తో గుణించడమంటే 180 డిగ్రీలు తిరగడం. మళ్ళీ −1 తో గుణిస్తే ఇంకో 180, మొదటి వైపుకే వచ్చాడు, అందుకే మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. చిన్నప్పుడు కారణం తెలియకుండా నేర్చుకున్న ఆ నియమం అసలు రూపం ఇదే.

ఇప్పుడు ఐ² = −1 అనేదాన్ని ఇలా చదవండి: ఏదో ఒక పని రెండుసార్లు చేస్తే పూర్తిగా వెనక్కి తిరిగినట్టు అవ్వాలి. ఒక్కసారి చేస్తే? సగం తిరిగినట్టు, అంటే 90 డిగ్రీలు. ఐ తో గుణించడమంటే ఎడమ పక్కకు ఒక మలుపు. 1 కుడివైపు చూస్తుంటే, దాన్ని 90 డిగ్రీలు ఎడమకు తిప్పితే నిట్టనిలువుగా పైకి చూస్తుంది. సున్నాకు సరిగ్గా పైన, ఒక యూనిట్ ఎత్తులో ఒక చుక్క పెట్టండి. పాకాల అబ్బాయి అడిగిన ఐ అక్కడుంది. రేఖ మీద వెతికినంత కాలం దొరకదు, ఎందుకంటే మలుపు తిరగాలంటే పక్కన ఖాళీ స్థలం ఉండాలి.

1637లో డెకార్ట్ వీటిని ఊహా సంఖ్యలు అన్నాడు, ఆ పేరే కల్పితం అని మనదాకా వచ్చి ఎంత నష్టం చేసిందో చెప్పలేను. ఆయిలర్ 1777లో ఐ గుర్తు వాడాడు. ఇవి కాగితం మీద ఎక్కడుంటాయో మొదట చూపించినవాడు వెసెల్, 1797లో. ఆయన వృత్తి భూముల సర్వే. తొమ్మిదేళ్లకు, 1806లో, ఆర్గాండ్ కూడా అదే చూపించాడు, అందుకే మన పుస్తకాల్లో దీన్ని ఆర్గాండ్ తలం అంటారు. ఎటు ఎంత దూరం, ఎంత కోణం అని రోజూ కొలిచే సర్వేయరుకు ఇది తట్టడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

మన కొండ మీద తిరుమల మాడవీధులు గుర్తు తెచ్చుకోండి. ఆలయం తూర్పు ముఖం. బ్రహ్మోత్సవాల్లో వాహనం ప్రదక్షిణంగా సాగుతుంది కాబట్టి ప్రతి మూలలోనూ కుడి పక్కకే మలుపు. తూర్పును 1, ఉత్తరాన్ని ఐ, పడమరను −1, దక్షిణాన్ని −ఐ అనుకుందాం. ఎడమ మలుపు ఐ అయితే కుడి మలుపు −ఐ. తూర్పు మాడవీధిలో వాహనం దక్షిణానికి నడుస్తోంది: −ఐ. మూల తిరిగింది: (−ఐ) × (−ఐ) = ఐ² = −1, పడమర. ఇంకో మూల: (−1) × (−ఐ) = ఐ, ఉత్తరం. ఇంకోటి: ఐ × (−ఐ) = 1, తూర్పు. నాలుగోది: 1 × (−ఐ) = −ఐ, బయల్దేరిన దిక్కే. నాలుగు మలుపులూ లెక్క తప్పకుండా సరిపోయాయి. కాగితం మీద వేసి చూసుకోండి, ఈ ఒక్క బొమ్మ మనసులో నిలిస్తే తర్వాత దేనికీ తడుముకోరు.

ఐ ఘాతాలు

నాలుగు మలుపులకు మొదటికి వస్తాం కాబట్టి ఐ¹ = ఐ, ఐ² = −1, ఐ³ = −ఐ, ఐ⁴ = 1, ఆ తర్వాత ఇదే చక్రం. ఎంత పెద్ద ఘాతమైనా 4 తో భాగించి శేషం చూడండి, అంతే. ఇంకా సులువుగా, చివరి రెండు అంకెల్ని భాగించినా చాలు, 100 కి 4 నిశ్శేషంగా పోతుంది కదా. అలిపిరి దారిలో మెట్లు 3,550 అంటారు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్టుకో ఎడమ మలుపు తిరుగుతూ ఎక్కితే చివర ఎటు చూస్తాం? 50 ని 4 తో భాగిస్తే శేషం 2, అంటే −1, బయల్దేరిన వైపుకు వీపు పెట్టి ఉంటాం. 88 కి శేషం 0, అంటే 1, బయల్దేరిన వైపే.

కూడిక, తీసివేత

3 + 4ఐ అంటే సున్నా నుంచి కుడికి 3, పైకి 4 వెళ్తే దొరికే చుక్క. ఇలా రెండు భాగాలతో రాసేదే సంకీర్ణ సంఖ్య. 3 వాస్తవ భాగం, 4 కల్పిత భాగం. కల్పిత భాగం 4ఐ కాదు, 4 మాత్రమే, ఒక మార్కు ప్రశ్నల్లో ఇక్కడే పోగొట్టుకుంటారు.

కూడికలో కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. కుడి ఎడమలది ఒక లెక్క, పైకి కిందికి ఇంకో లెక్క:

(3 + 4ఐ) + (2 − 7ఐ) = 5 − 3ఐ

తీసివేతలో ఒక్కటే జాగ్రత్త, బ్రాకెట్ ముందున్న మైనస్ రెండు భాగాలకూ తగలాలి:

(3 + 4ఐ) − (2 − 7ఐ) = 3 + 4ఐ − 2 + 7ఐ = 1 + 11ఐ

ఒక అలవాటు మాత్రం వదులుకోవాలి. వీటిల్లో ఏది పెద్ద, ఏది చిన్న అని అడగకూడదు. ఐ సున్నా కంటే పెద్దదనుకుంటే దాని వర్గం కూడా పెద్దదవ్వాలి, కానీ అది −1. చిన్నదనుకున్నా వర్గం ప్లస్సే రావాలి, రాదు. రేఖ మీద ఉన్నంతవరకే ముందు, వెనక. మైదానంలోకి వచ్చాక దూరాలు పోల్చగలం గాని సంఖ్యల్ని వరసలో నిలబెట్టలేం.

గుణకారం

చేసే పద్ధతి బీజగణితంలో రెండు బ్రాకెట్లు విప్పినట్టే. ఐ² కనబడ్డ చోట −1 పెట్టాలి:

(3 + 2ఐ)(1 + 4ఐ) = 3 + 12ఐ + 2ఐ + 8ఐ² = 3 + 14ఐ − 8 = −5 + 14ఐ

ఇప్పుడు బొంబెల్లి లెక్క. (2 + ఐ)² = 4 + 4ఐ + ఐ² = 3 + 4ఐ. దాన్ని మళ్ళీ (2 + ఐ) తో గుణిస్తే 6 + 3ఐ + 8ఐ + 4ఐ² = 2 + 11ఐ. ఆయన చెప్పిందే వచ్చింది.

ఇక పిల్లల పేపర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు. √−4 × √−9 ఎంత? చాలామంది లోపల గుణించేసి √36 = 6 అంటారు. తప్పు. √−4 అంటే 2ఐ, √−9 అంటే 3ఐ, లబ్ధం 6ఐ² = −6. రెండు వర్గమూలాల్ని ఒకే గుర్తు కిందికి తెచ్చే నియమం రెండూ ఋణ సంఖ్యలైతే చెల్లదు. చెల్లుతుందనుకుంటే ఏమవుతుందో చూడండి: −1 = ఐ × ఐ = √−1 × √−1 = √1 = 1. మైనస్ ఒకటి ప్లస్ ఒకటయిపోయింది. అందుకని, గుర్తు కింద మైనస్ కనబడితే మొట్టమొదట దాన్ని ఐ గా బయటికి తీయండి, ఆ తర్వాతే మిగతా పని. ఎంత తొందరున్నా ఈ వరస మార్చకండి.

భాగహారం, దానికి ముందు సంయుగ్మం

3 + 4ఐ కి సంయుగ్మ సంఖ్య 3 − 4ఐ, కల్పిత భాగం గుర్తు మాత్రం మారుతుంది. బొమ్మలో చూస్తే అడ్డ రేఖను చెరువు గట్టు అనుకోండి, పైనున్న చుక్క నీళ్లలో కనబడే నీడ ఇది. ఒక సంఖ్యను దాని సంయుగ్మంతో గుణిస్తే ఐ మాయమవుతుంది:

(3 + 4ఐ)(3 − 4ఐ) = 9 − 16ఐ² = 9 + 16 = 25

భాగహారం మొత్తం దీని మీదే నిలబడింది. హారంలో ఐ ఉంటే భాగించడం తెలియదు, మామూలు సంఖ్య ఉంటే తెలుసు. కాబట్టి హారం సంయుగ్మంతో పైనా కిందా గుణించాలి. (10 + 5ఐ) ÷ (3 + 4ఐ) చేద్దాం. లవం: (10 + 5ఐ)(3 − 4ఐ) = 30 − 40ఐ + 15ఐ − 20ఐ² = 50 − 25ఐ. హారం 25. జవాబు 2 − ఐ. సరిచూసుకోవాలంటే (3 + 4ఐ)(2 − ఐ) చెయ్యండి, 6 − 3ఐ + 8ఐ + 4 = 10 + 5ఐ. ఈ సరిచూడటం అర నిమిషం పని, పరీక్షలో తప్పకుండా చేయండి.

1 ÷ ఐ ఎంతో కూడా ఇలాగే చూడండి. పైనా కిందా −ఐ తో గుణిస్తే −ఐ వస్తుంది. మాడవీధుల లెక్కలో ఇది ఎడమ మలుపును రద్దు చేసేది కుడి మలుపు అని చెప్పడమే.

మాపం, ఆయామం

ఇక్కడ కాస్త ఆగి చదవండి, చాప్టర్‌లో అసలు అందం ఇక్కడే ఉంది. ఒక ఊరు ఎక్కడుందని చెప్పడానికి రెండు దారులు. తూర్పుకు ఇంత, ఉత్తరానికి ఇంత అనొచ్చు, లేకపోతే ఫలానా దిక్కుగా ఇన్ని కిలోమీటర్లు అనొచ్చు. సంకీర్ణ సంఖ్యకు కూడా అంతే. సున్నా నుంచి చుక్కకున్న దూరం మాపం. కుడివైపు అడ్డ రేఖ నుంచి ఎడమగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, తిరిగిన కోణం ఆయామం. 3 + 4ఐ మాపం పైథాగరస్ ప్రకారం √(9 + 16) = 5.

గుణకారంలో ఏం జరుగుతుందంటే మాపాలు గుణించుకుంటాయి, ఆయామాలు కూడుకుంటాయి. 1 + ఐ తీసుకోండి, మాపం √2, కోణం 45 డిగ్రీలు. వర్గం చేస్తే మాపం 2, కోణం 90 అవ్వాలి, అంటే 2ఐ. బ్రాకెట్ విప్పి చూడండి: 1 + 2ఐ + ఐ² = 2ఐ. మరి (1 + ఐ)⁸ ఎంత? ఎనిమిది బ్రాకెట్లు విప్పక్కర్లేదు. √2 ని ఎనిమిదిసార్లు గుణిస్తే 16, కోణం 45 × 8 = 360, పూర్తిగా ఒక చుట్టు, జవాబు 16. డిమోయర్ సిద్ధాంతం అని తర్వాతి చాప్టర్‌లో వచ్చేది ఇదే, మాపం 1 ఉన్న సంఖ్యను ఎన్నిసార్లు గుణిస్తే కోణం అన్ని రెట్లవుతుంది. కాస్, సైన్‌ల రెట్టింపు కోణం సూత్రాలు గుర్తుండనివాళ్లు (కాస్ + ఐ సైన్) ని వర్గం చేయండి. వాస్తవ భాగం కాస్² − సైన్², కల్పిత భాగం 2 సైన్ కాస్. రెండు సూత్రాలూ ఒకే దెబ్బకు వచ్చేశాయి.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైనది. గ్రాఫ్ పేపరు మీద 2 + ఐ, 3 + ఐ గీయండి. రెండు కోణాలూ చూడ్డానికి వంకర కోణాలే, 26.6 డిగ్రీల దగ్గర ఒకటి, 18.4 దగ్గర ఇంకోటి. గుణించండి: 6 + 2ఐ + 3ఐ + ఐ² = 5 + 5ఐ. కుడికెంతో పైకీ అంతే, అంటే కచ్చితంగా 45 డిగ్రీలు. కోణమానిని లేకుండానే ఆ రెండు కోణాలూ కలిస్తే 45 అని తేలిపోయింది.

ఆయామం కనుక్కునేటప్పుడు ఒక గొయ్యి ఉంది. −1 − ఐ కి టాన్ విలువ (−1) ÷ (−1) = 1, కాలిక్యులేటర్ 45 అంటుంది. కానీ చుక్క ఎడమ పక్క, కింద, మూడో పాదంలో ఉంది. కాలిక్యులేటర్‌కు రెండు మైనస్‌లు కనబడవు, అవి ముందే కొట్టేసుకుపోయాయి. సరైన కోణం 225, లేదా ప్రధాన ఆయామం −180 కి 180 కి మధ్య ఉండాలి కాబట్టి −135 డిగ్రీలు. చుక్క పెట్టకుండా ఆయామం రాయొద్దని మా పిల్లలకు పదేపదే చెప్తాను, మీక్కూడా అదే చెప్తున్నాను.

వర్గమూలం, వర్గ సమీకరణం

3 + 4ఐ కి వర్గమూలం కావాలి. అది ఎక్స్ + వైఐ అనుకుందాం. వర్గం చేసి భాగాలు పోలిస్తే ఎక్స్² − వై² = 3, 2 ఎక్స్ వై = 4. ఇక్కడ ఆగిపోయి చాలామంది ప్రతిక్షేపణలో పడి పేజీ నింపుతారు. మాపాన్ని వాడండి: వర్గమూలం మాపానికి వర్గం 5, అంటే ఎక్స్² + వై² = 5. కలిపితే ఎక్స్² = 4, తీసేస్తే వై² = 1. లబ్ధం ప్లస్ కాబట్టి రెండింటి గుర్తూ ఒకటే. జవాబు 2 + ఐ, లేదా −2 − ఐ.

వర్గ సమీకరణంలో విచక్షణి, అంటే సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండేది, ఋణమైతే ఇకమీద "మూలాలు లేవు" అని రాయకూడదు. ఎక్స్² − 4ఎక్స్ + 13 = 0 లో విచక్షణి 16 − 52 = −36, దాని వర్గమూలం 6ఐ, మూలాలు 2 + 3ఐ, 2 − 3ఐ. మొత్తం 4, లబ్ధం 4 + 9 = 13, సరిపోయింది. గుణకాలు వాస్తవ సంఖ్యలైతేనే మూలాలు ఇలా సంయుగ్మాల జంటగా వస్తాయి, గుణకాల్లోనే ఐ ఉంటే ఆ భరోసా లేదు.

బోరు మోటారు దగ్గర

ఇవన్నీ దేనికి అంటే చిత్తూరు వైపు రైతులకు బాగా తెలిసిన ఒక వస్తువు చూపిస్తాను: బోరు మోటారుకు పెట్టమని కరెంటు వాళ్లు చెప్పే కెపాసిటర్. రైతుల మోటార్లు ఎక్కువగా త్రీ ఫేజ్, లెక్క తేలిక కావడానికి నేను ఒక్క ఫేజు, 230 వోల్టులు తీసుకుంటున్నాను. మోటారులోని తీగచుట్టను 30 ఓముల నిరోధం, 40 ఓముల ప్రతిరోధం (అటూ ఇటూ ఊగే కరెంటుకు చుట్ట పెట్టే అడ్డు) అనుకుందాం. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, తీగచుట్టలో కరెంటు ఆ ఊపును కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది. ఆలస్యమంటే కోణం, కోణమంటే సంకీర్ణ సంఖ్య. అందుకని ఇంజనీర్లు మోటారును 30 + 40జె అని ఒకే సంఖ్యగా రాస్తారు. వాళ్లకు ఐ అంటే కరెంటు కాబట్టి మన ఐ ని జె అంటారు, తేడా అంతే.

ఓం నియమం మామూలుగానే పనిచేస్తుంది, వోల్టేజిని భాగించాలి. 230 ÷ (30 + 40జె). మనకొచ్చిన పద్ధతే, పైనా కిందా 30 − 40జె:

230 × (30 − 40జె) ÷ 2500 = 2.76 − 3.68జె

మాపం 230 ÷ 50 = 4.6 ఆంపియర్లు, తీగలో నిజంగా పారే కరెంటు ఇది. కానీ నీళ్లు తోడే పని చేసేది 2.76 మాత్రమే. 3.68 భాగం మోటారుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య ఊరికే అటూ ఇటూ తిరుగుతూ తీగల్ని వేడెక్కిస్తుంది. పుస్తకం దాన్ని కల్పిత భాగం అంటుంది, తీగ మాత్రం నిజంగానే కాలుతుంది.

కెపాసిటర్‌ది సరిగ్గా ఎదురు స్వభావం, దాని ప్రతిరోధం మైనస్ జె వైపు ఉంటుంది. 62.5 ఓముల కెపాసిటర్‌ను మోటారుకు సమాంతరంగా పెడితే దానిలో కరెంటు 230 ÷ (−62.5జె). ఐ తో భాగిస్తే −ఐ వస్తుందని చూశాం కదా, కాబట్టి ఇది +3.68జె. రెండూ కలపండి:

(2.76 − 3.68జె) + 3.68జె = 2.76

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగలో 4.6 పారాల్సిన చోట 2.76 ఆంపియర్లు చాలు. మోటారు చేసే పని ఏమీ తగ్గలేదు. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మునుపు 100 ఉన్న చోట ఇప్పుడు 36.

పెద్ద కెపాసిటర్ పెడితే ఇంకా తగ్గుతుందా అని పాకాల అబ్బాయి అడిగాడు, వాళ్ల నాన్నకు బోరు ఉంది. బోర్డు మీదే చేయించాను. కెపాసిటర్ కరెంటు 6జె అనుకుంటే మొత్తం 2.76 + 2.32జె, మాపం √(7.6176 + 5.3824) = √13, దాదాపు 3.6 ఆంపియర్లు. తగ్గలేదు, 2.76 నుంచి మళ్ళీ పెరిగింది. చుక్క అడ్డ రేఖను దాటి పైకి పోయింది.